ప్రోటాన్ కిరణాలూ, తెల్లకణాలూ

మిత్రులారా, మన బ్యాచ్‌లో అందరికీ అరవై దాటాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ అని ఫోన్ చేసేవాళ్ళు నన్ను అడిగేది ఒకటే: "చెన్నైలో ప్రోటాన్ మిషన్ ఉందిగా, దాంతో అయితే రోగనిరోధక శక్తి తగ్గదటగా?"

సగం నిజం. లింఫోసైట్లనే తెల్లకణాలు కొద్దిపాటి రేడియేషన్‌కే చచ్చిపోతాయి. పెద్దవాళ్ళలో రక్తం తయారుచేసే మజ్జ సుమారు నాలుగో వంతు కటి ఎముకల్లోనే ఉంటుంది; ప్రోస్టేట్ ఉండేదీ వాటి మధ్యనే. ఎక్స్-కిరణం ఒంట్లోంచి అవతలికి దూసుకుపోతుంది. ప్రోటాన్ మనం చెప్పిన లోతులో శక్తంతా దింపేసి ఆగిపోతుంది. (ఫిజిక్స్ మాస్టారైతే ఈపాటికి బోర్డు మీద బ్రాగ్ శిఖరం గీసేవారు.) అందుకే మజ్జకీ, పారే రక్తానికీ తగిలేది తక్కువ.

అయితే వైద్యం ప్రోస్టేట్ వరకే అయితే ఎక్స్-కిరణాలతోనూ కణాలు మరీ పడిపోవు. కటిలోని లింఫు గ్రంథులకి కూడా ఇచ్చినప్పుడే బాగా తగ్గుతాయి. కణాలు మిగిలినందువల్ల ప్రోస్టేట్ రోగి ఎక్కువకాలం బతుకుతాడని ఇంకా రుజువు కాలేదు. అమెరికాలో 450 మందితో చేసి 2024లో వెల్లడించిన పోలికలో రెండు వైద్యాలూ ఇంచుమించు సమానంగానే తేలాయి.

పొలం అమ్మేముందు గ్రంథులకి కూడా ఇస్తారా అని డాక్టరుగారిని అడగండి. మొదట్లోనూ, మధ్యలోనూ రక్తపరీక్ష చేయించి ఆ కాగితాలు నాకు వాట్సాప్ చేయండి. హార్మోన్ ఇంజెక్షన్ల సంగతి భోజనాలయ్యాక మాట్లాడుకుందాం.