కొలువులో పుట్టిన ప్రేమ

షాద్‌నగర్ నుంచి రోజూ బస్సులో, రైల్లో హైదరాబాదు ఆఫీసులకు, కొత్తూరు కంపెనీలకు పోయేవారికి దగ్గరైన కథ ఒకటుంది. అదే కొలువు చుట్టూ అల్లిన ప్రేమ, హాస్యం. తెలుగులో దానికి చక్కని ఉదాహరణ 1955లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన 'మిస్సమ్మ'.

అందులో ఆఫీసుకు బదులు బడి ఉంటుంది. అక్కడ భార్యాభర్తలైన ఉపాధ్యాయులే కావాలి. పని లేని ఎన్టీఆర్, అప్పు తీర్చాల్సిన సావిత్రి దంపతులమని చెప్పి చేరతారు. అబద్ధం జీతం కోసమే, ప్రేమ మాత్రం నిజంగానే పుడుతుంది.

ఆ సినిమాను ఇప్పటికీ ఎందుకు చూస్తున్నాం? పనిచేసే చోట మనిషి అసలు స్వభావం దాగదు. కోపం, ఓపిక, మాట నిలబెట్టుకునే గుణం రోజూ కనబడతాయి. అలా తెలిసి కలిగిన ఇష్టాన్ని మనం నమ్ముతాం. కొలువు పోతుందన్న భయంతో మనసులో మాట దాచుకునే తిప్పలే నవ్వు పుట్టిస్తాయి.

1957లో ఇదే కథ హిందీలో 'మిస్ మేరీ'గా వచ్చింది. ఉద్యోగం కోసం ఆరాటం, అప్పుల బరువు ఏ భాషవారికైనా తెలిసినవే. 'మిస్సమ్మ' చూడనివారు ఇంటిల్లిపాదీ కలిసి తప్పక చూడండి.