బొగ్గు ఎలా వేసేవాడివి తాతయ్యా?



ఇటీవల మనవడితో ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం చూశాను. 1977లో ప్రారంభమైన ఈ మ్యూజియంలో పాత ఇంజన్లు, పెట్టెలు ఆరుబయటే ఉన్నాయి. 1907 నాటి పాటియాలా మోనోరైలు ఒకే పట్టా మీద, పక్కనున్న పెద్ద చక్రం నేల మీద ఆనించి నడిచేది. పిల్లలకు ఇంజను నడిపిన అనుభూతినిచ్చే సిమ్యులేటర్లూ ఉన్నాయి.

పొగ ఇంజను ముందు మావాడు, "బొగ్గు ఎలా వేసేవాడివి తాతయ్యా?" అన్నాడు. పార పట్టినట్టు చేతులు ఊపి చూపించాను. గాజు గొట్టంలో నీటిమట్టం తగ్గితే ఎంత ప్రమాదమో చెప్పాను. చుట్టూ పిల్లలు మూగారు.

ఇంజన్లను మ్యూజియం కాపాడుతుంది. వాటిని నడిపిన చేతుల కథ మనతోనే పోతుంది. అందుకే తలా నాలుగు పేజీలు రాసి సంఘానికి ఇవ్వవలసిందిగా మనవి.