కాగితములో లేని ఒడియా
(సంఘసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ప్రసంగమునకు సభవారు "మన పిల్లల వృత్తివిద్య" యని పేరు పెట్టినారు. అంత పెద్ద విషయము మా శక్తికి మించినది. మా యింటి పిల్ల యొకతె సహాయక నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టుకొనిన సంగతి మాత్రము చెప్పెదము.

మేము బరంపురమున నాలుగు తరములుగా నున్నవారము. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు మా తాతగారు ఇల్లు కదల్చలేదు, రాష్ట్రమే మారినది. మా తమ్ముని కుమార్తె పదవ తరగతి వరకు ఇచ్చటి తెలుగు బడిలోను, ఇంటరు రెండేండ్లు సరిహద్దు దాటి ఇచ్ఛాపురమునను చదివినది. నాయనమ్మ ఆసుపత్రిలో నుండగా, ప్రక్క మంచములపై నున్న తెలుగు ముసలమ్మల బాధలను నర్సులకు ఒడియాలో చెప్పుచు, నర్సుల మాటలను వారికి తెలుగున చెప్పుచు పదునైదు దినములు గడపినది. ఆ పనియే నేర్చుకొందునని అప్పుడే పట్టుపట్టినది.

ఎ.ఎన్.ఎం. శిక్షణ రెండేండ్లు. పదునేడేండ్లు నిండి, ఇంటరు ప్యాసయిన చాలునని మేము తలచితిమి. పత్రములు సరిచూచు గుమాస్తా మొదట పేరు వద్దనే ఆగినాడు. పదవ తరగతి పత్రములో ఇంటిపేరు ముందు పొడి అక్షరముగా నున్నది. ఆధారు కార్డులో ఇచ్చటి పద్ధతిని చివర పూర్తిగా నున్నది. ఇద్దరు నొకరే యని ప్రమాణపత్రము తెమ్మన్నాడు. తెచ్చితిమి. పిమ్మట నివాస ధ్రువపత్రమన్నాడు. దానికై తహశీలు కచేరి చుట్టు మూడు వారములు తిరిగితిమి. అన్నియు చేతబట్టుకొని పోగా, పదవ తరగతిలో ఒడియా లేదు గనుక ఎం.ఇ. ప్రమాణపు ఒడియా పరీక్ష ప్యాసయిన కాగితమేదని అడిగినాడు. పిల్ల అరగంటసేపు అతనితో వాదించినది, ఒడియాలోనే! అతడును ఒడియాలోనే సమాధానము చెప్పి, కాగితములు తిరిగి యిచ్చివేసినాడు. ఆ మాట మొదటి దినముననే చెప్పియుండిన బాగుండెడిది. గడువు ముగిసినది.

ఆంధ్రదేశమున ప్రయత్నింపుడని బంధువులు చెప్పిరి. అచ్చట 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కలదు. నూటికి 85 స్థానములు స్థానికులవి. చదువును బట్టి స్థానికతకు వరుసగా నాలుగేండ్లు కావలెను. మా పిల్ల చదివినవి రెండు. ఇచ్చట తెలుగుపిల్ల, అచ్చట ఒరిస్సాపిల్ల!

నర్సునకు రోగి భాష రావలెనన్న నియమము తప్పని మేమనము. మా తప్పును గలదు. బడిలో మూడవ భాషగా ఒడియాకు బదులు హిందీ తీసుకొమ్మని సలహా యిచ్చినది మేమే. మార్కులు సులువని చెప్పితిమి. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనను గూర్చినది. మన అర్జీలలో దాని నెన్నిమారులు ఉదహరించితిమో లెక్కలేదు. ఆ దశ దాటిన పిల్ల ఏ కాగితముతో ఏ గుమ్మము ఎక్కవలెనో ఏ సభలోను మాటాడుకొనలేదు.

పిల్ల యిప్పుడా పరీక్షకు చదువుచున్నది. మాటాడుట వేరు, వ్రాయుట వేరు. గుండ్రని ఆ యక్షరములు మరల దిద్దుకొనుచున్నది. ప్రక్కయింటి ఒడియా ఉపాధ్యాయురాలు ప్రతి సాయంకాలము గంటసేపు చెప్పుచున్నారు. రుసుము పుచ్చుకొనుట లేదు.

ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులలో బిడ్డలున్నవారు సభ ముగిసిన పిదప కొంచెము ఆగుడు. ఏ కాగితములో పేరెట్లున్నదో, మూడవ భాష ఏదో, కూర్చుండి చూచుకొందము.