శాంక్షన్ అను మాట



ప్రభుత్వోద్యోగుల యిండ్లలో చిన్నపిల్లలకు సైతము తెలిసిన ఆంగ్లపదము శాంక్షన్. సెలవు శాంక్షన్ కావలెను, ఇంటి అడ్వాన్సు శాంక్షన్ కావలెను, కూతురి పెండ్లికి ప్రావిడెంటు ఫండు సొమ్ము శాంక్షన్ కావలెను. "శాంక్షనైనదా?" అని ఇల్లాలు అడిగినపుడు ఆమె కోరునది మంజూరు. ఆ యింటిలోనే ఆంగ్లపత్రిక విప్పినచో, ఫలానా దేశముపై శాంక్షన్లు విధించిరని యుండును. అచ్చట అది దండన.

ఒకే మాటకు ఈ రెండును ఎట్లబ్బినవి? దీని మూలమైన లాటిన్ ధాతువునకు పవిత్రమొనర్చుట, శాసనముచే స్థిరపరచుట అని యర్థము. సెయింటు అను మాటయు ఆ వంశములోనిదే. శాసనమును స్థిరపరచు నధికారమే దానిని మీరినవారికి శిక్షను గూడ నిర్ణయించును గదా! బహువచనమున ఈ మాట ప్రాయికముగా శిక్షనే సూచించును.

1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తినపుడు నానాజాతి సమితి ఇటలీపై విధించినవి ఇట్టి శాంక్షన్లే. యుద్ధమునకు ప్రాణమైన చమురును మాత్రము వానిలో చేర్చలేదు. 1936 మేలో అబిసీనియా రాజధాని పడిపోయినది. జూలైలో శాంక్షన్లు తొలగింపబడినవి.

తెలుగు పత్రికలు వీనిని ఆంక్షలనును. శాంక్షన్, ఆంక్ష చెవికి చుట్టములవలె వినిపించుట తమాషాయే. ఏమైనను మంజూరు, ఆంక్ష అని వేరువేరు మాటలుండుట తెలుగువారికి మేలైనది.

అసలు చిక్కు మరియొకచోట నున్నది. ప్రభుత్వోద్యోగిపై ప్రాసిక్యూషనునకు కావలసిన శాంక్షన్ 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 197వ సెక్షను. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 218వది. ప్రభుత్వానుమతి లేనిదే తొలగింపరాని ఉద్యోగి విధినిర్వహణలో చేసిన పనికి, కొన్ని నేరములు తప్ప, ఈ శాంక్షన్ లేక న్యాయస్థానము కేసును స్వీకరింపరాదు. ఇది మొదట ఉద్యోగికి రక్షణ. అయినను అది ఇయ్యబడిననాడు "శాంక్షన్ వచ్చినది" అని విని ఇంటివారు పాయసము వండరు; శిక్షయే పడినదని ఏడ్చువారును ఉందురు. రెండును పొరపాటే. నేరమింకను ఋజువు కాలేదు, సాక్షులింకను పలుకలేదు. ఆ కాగితమును ముసలితల్లికి తెలుగున చదివి వినిపించువాడు "శిక్ష" అనరాదు, ఊరక "మంజూరు" అనియు అనరాదు. "కేసు నడపుటకు అనుమతి" అనవలెను.