వెనుకకు మరలిన నది



చికాగో నగరమునకు పోయిన భారతీయ యాత్రికుడు సాధారణముగా మొదట మిషిగన్ రాజవీథిలోని కళాభవనమును దర్శించును. 1893 సెప్టెంబరు 11వ తేదీన వివేకానందస్వామి ప్రసంగించినది అచ్చటనే. ఆ యేడే ఫిబ్రవరిలో ఆయన తన పాశ్చాత్యయాత్రోద్దేశమును సికింద్రాబాదు మహబూబు కళాశాలలో వివరించియుండుటచే, తెలుగువారికి ఆ భవనము పరాయిది కాదు.

కాని ఆ నగరపు స్వభావము తెలియవలెనన్నచో కొలదిదూరములోనున్న నదియొడ్డునకు నడువవలెను. ఆ నది పూర్వము మిషిగన్ సరస్సులో కలియుచుండెను. నగరమునకు త్రాగునీరిచ్చునది ఆ సరస్సే. నగరపు మురుగు చేరునదియు ఆ సరస్సే. 1871లో ఊరు అగ్నికి ఆహుతియైనను తిరిగి కట్టుకొనిన ఆ పౌరులు ఈ చిక్కునకు వెఱవలేదు. 28 మైళ్ల కాలువ త్రవ్వి, 1900లో నదినే వెనుకకు మరలించిరి. వంతెనపై నిలిచి, సరస్సును వీడి పోవుచున్న ఆ నీటిని చూచిన యాత్రికుడు విస్మితుడగును.

మరి ఆ మురుగు ఏమైనది? ఇల్లినాయ్, మిసిసిపి నదుల వెంట దిగువకు సాగినది. దిగువనున్న సెంట్ లూయిస్ నగరప్రజల ఆరోగ్యమునకై మిస్సోరీ రాష్ట్రము సుప్రీంకోర్టును ఆశ్రయించెను. తగిన నిదర్శనము లేదని 1906లో న్యాయస్థానము ఆ వ్యాజ్యమును కొట్టివేసెను. మురుగును శుద్ధిచేయు పెద్ద కర్మాగారములు ఆ తరువాతనే వచ్చినవి.

కృష్ణాగోదావరీ తీరవాసులకు ఎగువ దిగువల తగవు క్రొత్త కాదు. కావున ఆ వంతెనపై నిలిచిన తెలుగు యాత్రికుడు ఎగువవారి నేర్పును మెచ్చుకొనుచునే, దిగువవారు ఏ నీరు త్రాగిరోయని విచారింపక మానడు.