వాకిలి దాటిన రథం తాడు

(మన సంఘం సంక్రాంతి సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు చెప్పేదాన్ని కాను. 22 ఏళ్ళు ఒక సుబేదారుగారి ఇంటిని 9 క్వార్టర్లలో సర్దిన ఇల్లాలిని. ముగ్గుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కనుక నాకు తెలిసింది చెబుతాను.

మన ఊళ్ళల్లో ధనుర్మాసం నెల పట్టిన దగ్గర్నుంచి వాకిట్లో పెద్ద ముగ్గులు మొదలవుతాయి. చుక్కలు పెట్టి గీతలు కలపడం, మధ్యలో గొబ్బెమ్మలు, చివర్న మా వైపు కనుమ నాడు రథం ముగ్గు. మిగతా ముగ్గులు ఎవరి గడప ముందు వాళ్ళవి. రథం ముగ్గు అలా కాదు. దాని తాడు పక్కింటి దాకా లాగాలి. పక్కింటావిడ తన రథాన్ని దానికి కలిపి ఆ పై ఇంటికి లాగుతుంది. అలా వీధి చివరిదాకా పోతుంది. "తాడు మధ్యలో తెగ్గూడదే" అనేది మా నాయనమ్మ. అదేదో శాస్త్రం కాబోలు అనుకునేదాన్ని. దాని అర్థం నాకు తెలిసింది 2002లో.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆ వెంటనే ఆపరేషన్ పరాక్రమ్. ఇక్కడున్నవారిలో చాలామంది అప్పుడు సరిహద్దులో ఉన్నవారే. పంజాబులో మేమున్న కంటోన్మెంటులో చూస్తుండగానే మగవాళ్ళంతా వెళ్ళిపోయారు. క్వార్టర్లలో ఆడవాళ్ళం, పిల్లలు మిగిలాం. సాయంత్రమైతే ఎస్.టి.డి. బూత్ దగ్గర లైను. ఆ లైనులో నాకు ముందో వెనకో మా ఎదురింటావిడ నిలబడేది. కుమావూ ప్రాంతం ఆవిడది. నీళ్ళ దగ్గర మాటామాటా పెరిగి మాకు నాలుగు నెలలుగా మాటల్లేవు. తప్పు ఎక్కువ నాదే, ఇవాళ ఒప్పుకుంటున్నాను.

ఆ ఏడు కనుమ జనవరి 15న వచ్చింది. అదే ఆర్మీ డే. 1949లో కరియప్పగారు మన సైన్యానికి తొలి భారతీయ ప్రధాన సేనాపతి అయిన రోజు. ఏటా సందడిగా ఉండే రోజున లైన్లన్నీ బోసిపోయి ఉన్నాయి. పండగ చెయ్యబుద్ధి కాలేదు. మా పెద్దమ్మాయి వచ్చి "అమ్మా, రథం వెయ్యవా?" అంది. ముగ్గుపిండి ఆ బజార్లో దొరకదు. బియ్యప్పిండితోనే మొదలుపెట్టాను.

తాడు పక్క క్వార్టరుకి లాగేసరికి తమిళావిడ "మా కోలమే కదా" అంటూ తనూ దిగింది. ఆ పై ఇంటి బెంగాలీ అమ్మాయి బియ్యం నానబోసి రుబ్బి, ఆ పిండిలో వేళ్ళు ముంచి ఆల్పన లతలు వేసింది. రాజస్థాన్ ఆవిడ మాండనా వేసింది. వరస తిరిగి తాడు ఎదురింటి గేటు దగ్గరకొచ్చి ఆగింది. అందరూ నావంకే చూశారు. ఆ గేటు వదిలేసి అవతలింటికి లాగినా అడిగేవాళ్ళు లేరు. నాయనమ్మ మాట గుర్తొచ్చింది. వంగి ఆవిడ మెట్టు దాకా లాగాను. తలుపు తెరుచుకోలేదు. సిగ్గేసింది.

కాసేపటికి ఆవిడ ఒక డబ్బాలో గేరు, గిన్నెలో బియ్యప్పిండి నీళ్ళు పట్టుకుని బయటికొచ్చింది. వాళ్ళ వైపు ఐపణ్ అంటారు. ఎర్రమట్టి అలికి, దానిమీద తెల్లపిండితో వేళ్ళతోనే గీస్తారు. గేరూ సున్నమూ అంటే ఫౌజీలకు నేను చెప్పాలా! పూలకుండీలకీ, చెట్ల మొదళ్ళకీ మీరు పూసింది ఎంత! మావారు తర్వాత విని "ఇన్నాళ్ళకి గేరు సరైన పనికొచ్చింది" అని నవ్వారు. ఆ రోజు మేము పెద్దగా మాట్లాడుకోలేదు. "బాగుంది దీదీ" అంది, అంతే.

మార్చిలో కబురొచ్చింది. మైన్లు పరిచే పనిలో ఆవిడ భర్తకి ప్రమాదం జరిగి ఒక పాదం పోయింది. ఆవిడ మొదట తట్టిన తలుపు మాది. ఇద్దరు పిల్లల్నీ నా దగ్గర వదిలి ఆస్పత్రికి వెళ్ళింది. 11 రోజులు ఉన్నారు. తమిళావిడ పొద్దున్నే ఇడ్లీలు పంపేది. రాత్రిళ్ళు చిన్నవాడు ఏడిస్తే బెంగాలీ అమ్మాయి వచ్చి ఎత్తుకు తిప్పేది. ముగ్గు ఆయన పాదాన్ని తిరిగి తేలేదు. కానీ జనవరిలో నేను ఆ గేటు దాటేసి ఉంటే, మార్చిలో ఆవిడ నా తలుపు తట్టేది కాదు. ఇది మాత్రం నాకు గట్టిగా తెలుసు.

చివరిగా ఒక మనవి. మన సంఘాల్లో ముగ్గుల పోటీలు పెడుతున్నాం. వద్దనను, స్టీలు డబ్బాలు నేనూ గెలుచుకున్నాను. అయితే పోటీలో ఎవరి గడి వాళ్ళది. గీత దాటితే మార్కులు పోతాయి. అందుకని ఏడాదికొక్క రోజు పోటీ లేకుండా, బ్లాకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే తాడు లాగుదాం. తెలుగువాళ్ళ గడపలే కాదు, ఏ రాష్ట్రం వారైనా వారి గడప ముందు వారి పద్ధతిలోనే వెయ్యనిద్దాం. స్టిక్కర్లు అంటించకండి, కాస్త పిండి చాలు. మర్నాటికి చీమలు తినేస్తాయి, చెరిగిపోతుంది. పోనివ్వండి.

మీ వరసలో మాటల్లేని ఇల్లు ఒకటి ఉంటే, తాడు ముందుగా అటే లాగండి. సెలవు. జై హింద్.