బొమ్మలను చూసే కన్ను – బొమ్మలను గూర్చి పలికే మాట

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా ముఖేడ్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

జూబిలీ సభలలో గడచిన కాలపు వైభవాన్ని స్మరించుకోవడం పరిపాటి. నేటి ప్రసంగ విషయం అందుకు భిన్నమైనది; కొందరికి విడ్డూరంగా కూడా తోచవచ్చు. తాను ఇష్టపడే బొమ్మల ధారావాహికను విశ్లేషిస్తూ ఒక విద్యార్థి వీడియో ఛానల్ ప్రారంభించడం ఎట్లా, ఎందుకు? ఇదీ విషయం. చదువు పక్కన పెట్టి టీవీకి అతుక్కుపోయే పిల్లలకు ఇది మరొక సాకు కాదా అని పెద్దలు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే చూడడం వేరు, పరిశీలించడం వేరు. మొదటిది కాలాన్ని హరిస్తుంది. రెండవది బుద్ధిని పెంచుతుంది.

కదిలే బొమ్మలతో కథ చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. తెర వెనుక దీపం వెలిగించి, రంగుల తోలుబొమ్మలను ఆడించి రామాయణ భారతాలను పల్లె పల్లెకూ చేర్చిన కళాకారులు ఎందరో. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించడం ఆ కళకు దక్కిన గౌరవం. తెలంగాణలోని చేర్యాల పటాలలో కథ గడులు గడులుగా చిత్రితమై ఉంటుంది. కథకుడు పటాన్ని విప్పుతూ ఒక్కొక్క ఘట్టాన్నీ చూపుతాడు. రాత్రి ఆట చూసిన జనం మరునాడు రచ్చబండ మీద చేరి, ఏ బొమ్మ బాగా ఆడింది, జుట్టుపోలిగాడు ఎవరిని ఎత్తిపొడిచాడు అని ముచ్చటించుకుంటే అదే విశ్లేషణ. నేటి ఛానల్ ఆ రచ్చబండకు కొత్త రూపం.

మన దేశంలో బొమ్మల చిత్రాలను విద్యకు వినియోగించిన చరిత్ర కూడా ఉన్నది. ఫిల్మ్స్ డివిజన్ 1957లో బౌద్ధ జాతక కథ ఆధారంగా ‘ది బన్యన్ డీర్’ అనే చిత్రాన్ని నిర్మించింది. 1974లో విజయా ములే రూపొందించిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ ఐకమత్యాన్ని పిల్లలకు ఆటపాటగా బోధించింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు జరిగిన ఉపగ్రహ విద్యా ప్రసార ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్‌ను చేర్చింది. కాని ఆనాటి ప్రసారం ఏకముఖం. పెట్టె పలికేది, పల్లె వినేది. 2005లో యూట్యూబ్ వచ్చిన తరువాత పల్లె బాలుడు కూడా పెట్టెకు బదులు పలికే వీలు కలిగింది. ఆ బదులు ఎంత విలువైనదన్నదే నేటి ప్రశ్న.

ముఖేడ్‌లో ఎనిమిదవ తరగతి చదివే ఒక బాలికను ఊహించండి. ఆమెకు ‘ఛోటా భీమ్’ ప్రాణం. ఆ ధారావాహికను నిర్మించినది హైదరాబాదులో రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ. 2008లో పోగో ఛానల్‌లో ప్రసారం మొదలైనది. తెలుగు నగరంలో పుట్టిన ఢోలక్‌పూర్ బాలుడు దేశమంతటా ఇంటింటి పిల్లవాడైనాడు. ఆ బాలిక తన మొదటి వీడియోలో “భీమ్ చాలా బాగుంటాడు, నాకు చాలా ఇష్టం” అని రెండు నిమిషాలు చెప్పి ఊరుకుంటే వినేవారికి మిగిలేది శూన్యం. ‘బాగుంది’ అన్న మాట దగ్గర విశ్లేషణ ముగియదు, అక్కడే ప్రారంభమవుతుంది. ఏమి బాగుంది? ఎందుకు బాగుంది? ఎవరికి బాగుంది?

భీమ్ లడ్డూ తింటే బలవంతుడవుతాడు. ఆ లడ్డూ చేసేది ఎవరు? చుట్కీ తల్లి టున్‌టున్ మౌసి. తెచ్చి ఇచ్చేది ఎవరు? చుట్కీ. గెలిచిన తరువాత జేజేలు ఎవరికి? ఈ మూడు ప్రశ్నలు వేసుకున్న బాలిక తన వంటింటి వైపు కూడా ఒకసారి తిరిగి చూస్తుంది. కాలియాకూ బలమున్నది, అయినా అతడు నాయకుడు కాలేదు. బలానికి వినయం తోడు కాకపోతే ఏమవుతుందో చెప్పడానికే ఆ పాత్ర. అతని వెంట ఉండే ఢోలూ భోలూలలో తోలుబొమ్మలాటలోని హాస్యగాళ్ళ పోలిక కనిపించడం లేదా? ఇక భీముడనగానే భారతం స్ఫురించాలి. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో భీముడు బండెడు అన్నంతో వెళ్ళి బకాసురుణ్ణి వధిస్తాడు. తిండికీ బలానికీ, బలానికీ పరోపకారానికీ ముడి అక్కడే పడింది. అమ్మమ్మ చెప్పిన భీముడినీ టీవీ భీముడినీ పక్కపక్కన నిలిపి చూడగల బాలిక చేసే వీడియో పదిమందికీ పనికివస్తుంది.

పరిశీలనకు పద్ధతి అవసరం. ఒకే భాగాన్ని మూడుసార్లు చూడాలి. మొదటిసారి కేవలం ఆనందం కోసం. రెండవసారి ధ్వని ఆపి, రంగులను, కదలికలను గమనించాలి. మూడవసారి కళ్ళు మూసుకొని సంగీతాన్ని, సంభాషణలను వినాలి. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కంటిముందు కదులుతాయి. అంటే నిమిషానికి 1,440. ఒక్కొక్క బొమ్మను రెండేసి చిత్రాలకు నిలిపినా నిమిషానికి 720 బొమ్మలు కావాలి. అందువల్లనే టీవీ ధారావాహికలలో ఒకసారి గీసిన నడకను, పరుగును మళ్ళీ మళ్ళీ వాడుకుంటారు. అటువంటి చోట్లను కనిపెట్టి చెప్పడం కూడా విశ్లేషణే. ఆ తెరమీది నవ్వు వెనుక ఎందరి శ్రమ ఉన్నదో అప్పుడు తెలుస్తుంది.

ఆ తరువాత కలం పట్టాలి. ఐదు నిమిషాల వీడియోకు ముందు మూడు పుటల వ్యాసం ఉండాలి. వ్యాసం లేని వీడియో పునాది లేని గోడ.

ఆ వ్యాసం ఏ భాషలో ఉండాలి? ముఖేడ్ ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిది. భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బొంబాయి రాష్ట్రంలో చేరి, 1960లో మహారాష్ట్రలో భాగమైనది. దేగ్లూరు మీదుగా పోతే మద్నూరు, అక్కడ తెలంగాణ. ఇక్కడి తెలుగు పిల్లలకు బజారులో మరాఠీ, టీవీలో హిందీ, ఉద్యోగ ఆశలో ఇంగ్లీషు. ఇన్ని భాషలు రావడం భాగ్యమే. మరాఠీ అన్నం పెట్టే భాష, దానిని ప్రేమతో నేర్వాలి. కాని తెలుగు కేవలం “అన్నం పెట్టు, నీళ్ళు ఇయ్యి” అనడానికే మిగిలిపోతే ఆ భాష ఇంట్లో ఉండీ లేనట్టే. ఆలోచించడానికి వాడని భాష ఒక తరంలో మూగబోతుంది. పాత్ర, సన్నివేశం, సంఘర్షణ, నేపథ్యం, వ్యంగ్యం అనే మాటలు పాఠ్యపుస్తకంలో నిద్రపోతున్నవి. తనకు ప్రాణమైన బొమ్మల కథను గూర్చి చెప్పేటప్పుడు బాలిక ఆ మాటలను నిద్ర లేపుతుంది. తెలుగు మాధ్యమ పాఠశాలకు ఇంతకంటె మేలైన కానుక లేదు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. 13 ఏళ్ళు నిండని వారు స్వంత ఖాతా నడపరాదు, తల్లిదండ్రులే నడపాలి. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో వచ్చిన చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ బాలలుగానే పరిగణిస్తుంది. కాబట్టి పిల్లల ముఖం, ఇంటి చిరునామా, ఫోను నంబరు కనబడనక్కరలేదు, గొంతు చాలు. ఇతరుల చిత్రాన్ని మొత్తంగా ఎత్తి చూపడం తగదు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టం 52వ విభాగం విమర్శకు, సమీక్షకు న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. అది అవసరమైన కొద్ది భాగానికే అని గ్రహించాలి. స్వయంగా గీసిన బొమ్మలతో వివరిస్తే చిక్కూ లేదు, చిత్రలేఖనమూ అలవడుతుంది.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం అంకెలది. ఎందరు చూశారన్న లెక్క పిల్లల మనసును కుంగదీయగలదు. పదిమందే చూసిన మంచి వీడియోను తరగతిలో నలభైమంది ముందు వేసి చర్చించే ఉపాధ్యాయుడు ఉంటే ఆ బాధ ఉండదు. తల్లిదండ్రులు “ఎంతమంది చూశారు?” అని అడగడం మాని “ఏమి చెప్పావు?” అని అడగాలి.

విద్యార్థులారా! చూడండి, చూసినదాన్ని ప్రశ్నించండి, ప్రశ్నించినదాన్ని చక్కని తెలుగులో చెప్పండి. డెబ్బయి అయిదేళ్ళు అక్షరాలు దిద్దించిన ఈ విద్యాలయం మీ నుంచి కోరే గురుదక్షిణ అదే.

శుభం భూయాత్.